తాకట్టు దుకాణంలో పాత వాద్యం: బేరానికి ముందు, బేరం తరువాత

మా అమ్మాయికి ముప్పావు సైజు వయొలిన్ ఒక పాన్ షాపులో కొన్నానని ఫోనులో చెప్పినప్పుడు, రాజమహేంద్రవరంలో ఉన్న మా నాన్నగారు కాసేపు మాట్లాడకుండా ఊరుకుని, "అక్కడ కిళ్లీ కొట్లో ఫిడేళ్లు కూడా అమ్ముతారేమిట్రా?" అని అడిగారు. అమెరికాలో పాన్ షాపు అంటే తాకట్టు దుకాణం. మన ఊళ్లలో తాకట్టు అనగానే బంగారమే గుర్తుకు వస్తుంది. వీణ చంకన పెట్టుకుని వెళితే దాని మీద అప్పు ఇచ్చే వ్యాపారి దొరకడం కష్టం. ఇక్కడ మాత్రం గిటారు, ట్రంపెట్, కీబోర్డు, డ్రిల్లింగ్ యంత్రం, పెళ్లి ఉంగరం అన్నీ ఒకే కప్పు కింద కొలువుతీరి ఉంటాయి. పిల్లలను బడిలోని బ్యాండులోనో ఆర్కెస్ట్రాలోనో చేర్చిన తల్లిదండ్రులకూ, కర్ణాటక సంగీతం తరగతి కోసం చవకలో వయొలిన్ వెతుకుతున్నవారికీ ఈ దుకాణాలు నిజంగానే పనికొస్తాయి. కాకపోతే ఒక లెక్క ముందే తెలిసి ఉండాలి. అక్కడ చీటీ మీద రాసి ఉన్నది వాద్యం ధర కాదు. దానికి మరమ్మతు ఖర్చు కలిపితే వచ్చేదే అసలు ధర. ఈ లెక్కను నేను 90 డాలర్ల వయొలిన్ మీద నేర్చుకున్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

దుకాణదారుడి వైపు నుంచి చూస్తే

తాకట్టు దుకాణదారుడు మొదట అప్పు ఇచ్చేవాడు, ఆ తరువాతే వస్తువులు అమ్మేవాడు. ఒకరు గిటారునూ ఫొటో ఉన్న గుర్తింపు కార్డునూ తెచ్చి బల్ల మీద పెడితే, ఆ గిటారు తన దగ్గర ఎంతకు అమ్ముడుపోతుందో ఆయన అంచనా వేసి, అందులో కొంత భాగాన్ని అప్పుగా ఇచ్చి, అసలు, రుసుము, వార్షిక వడ్డీ రేటు, గడువు తేదీ రాసిన చీటీ చేతికి ఇస్తాడు. గడువులోగా డబ్బు కడితే గిటారు తిరిగి వస్తుంది; కట్టకపోతే గిటారు దుకాణానిది అవుతుంది, అప్పు అక్కడితో తీరిపోతుంది. బాకీ కోసం ఇంటికి ఎవరూ రారు, క్రెడిట్ స్కోరు మీద మచ్చ కూడా పడదు. అంటే గోడకు వేలాడుతున్న వాద్యాల్లో కొన్ని యజమానులు విడిపించుకోలేక వదిలేసినవి, మిగిలినవి దుకాణం నేరుగా కొన్నవి.

దీని నుంచి కొనుగోలుదారుకు రెండు విషయాలు తేలుతాయి. ఆ వాద్యం మీద దుకాణదారుడు పెట్టిన సొమ్ము తక్కువ కాబట్టి బేరానికి చోటు ఉంటుంది. ఇక రెండోది, వాద్యాల దుకాణంలో మాదిరిగా దాన్ని ఎవరూ విప్పి, తుడిచి, శ్రుతి చేసి, తీగలు మార్చి గోడకు తగిలించలేదు. తెచ్చినవారి చేతిలో ఎలా ఉందో అలాగే, తుప్పు పట్టిన తీగలతో సహా వేలాడుతోంది. రసీదు మీద ఉన్నది ఉన్నట్టుగా అమ్మినట్టు రాసి ఇస్తారు. కొన్ని దుకాణాలు కొద్ది రోజుల్లో మార్చుకునే వీలు కల్పిస్తాయి, చాలావరకు కల్పించవు. ఈ ప్రశ్నను డబ్బు కట్టకముందే అడిగి, ఒప్పుకుంటే రసీదు మీద రాయించుకోండి.

దొంగసొత్తు భయం చాలామందికి ఉంటుంది. దుకాణాలకు లైసెన్సులు ఉంటాయి, తెచ్చినవారి గుర్తింపును నమోదు చేస్తారు, చాలా చోట్ల వస్తువుల క్రమసంఖ్యలను పోలీసులకు అందజేస్తారు, కొన్ని రోజులు ఆపి ఉంచిన తరువాతే అమ్మకానికి పెడతారు. ఈ గడువులూ వడ్డీ పరిమితులూ రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోచోట నగరాన్ని బట్టి మారతాయి. అంతమాత్రాన అజాగ్రత్త పనికిరాదు. దొంగసొత్తు అని తేలితే అసలు యజమాని దాన్ని అడగవచ్చు, మీ చేతిలో రసీదు మాత్రమే మిగలవచ్చు. క్రమసంఖ్యను గీకేసిన వాద్యాన్ని ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకండి. క్రమసంఖ్య ఉంటే దానిని రసీదు మీద రాయమని అడగండి.

వెళ్లే ముందు ఇంట్లో చేయవలసిన పని

అమ్మకానికి పెట్టిన ధరలు చూసి ఒక వాద్యం విలువ తేల్చకూడదు. అమ్ముడైన ధరలు చూడాలి. ఈబేలో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపమని వడపోసే వీలు ఉంది. 2013లో షికాగోలో మొదలైన రివర్బ్ వాద్యాలకే ప్రత్యేకమైన ఆన్‌లైన్ అంగడి కాబట్టి, అక్కడ ఒక్కో మోడల్ ఇటీవల ఎంతకు పోయిందో తెలుస్తుంది. దుకాణంలో నిలబడి కూడా ఈ పని ఫోనులో చేయవచ్చు. దుకాణదారుడు ఏమీ అనుకోడు, ఎందుకంటే అప్పు ఇచ్చేటప్పుడు ఆయన చూసేది కూడా అవే అంకెలు. పేరు లేని కొత్త విద్యార్థి వయొలిన్లు పెట్టె, కమాను, కమాను వెంట్రుకలకు రుద్దే రాజనంతో కలిపి నూరు, నూట యాభై డాలర్లకు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కాబట్టి, అలాంటిదే తాకట్టు దుకాణంలో 120 డాలర్లు చెబితే అది బేరం కాదు. అమ్మకపు పన్ను అదనమని కూడా లెక్కలో వేసుకోండి.

ఒక చిన్న సంచి సిద్ధం చేసుకుంటే మంచిది. శ్రుతి చూసే యాప్ ఉన్న ఫోను, చిన్న టార్చిలైటు, దంతవైద్యుల చిన్న అద్దం, విజిటింగ్ కార్డు, ఇయర్‌ఫోన్లు, ఎలక్ట్రిక్ గిటారు అయితే మీ సొంత కేబుల్. దుకాణంలో ఇచ్చే కేబుల్ పాడైనదైతే మంచి గిటారును కూడా చెడ్డదనుకుని వదిలేస్తారు.

వయొలిన్

ఇక నా 90 డాలర్ల సంగతి. పెట్టె మూత తెరిచి, ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి లోపలికి చూస్తే పసుపు వన్నె కాగితం మీద ఆంటోనియస్ స్ట్రాడివారియస్ అనే పేరూ, 1721 అనే సంవత్సరమూ అచ్చులో కనిపించాయి. అది ఇటలీకి చెందిన జగత్ప్రసిద్ధ వయొలిన్ తయారీదారు స్ట్రాడివారి పేరు. నా చేతిలోది అసలుది కాదని నాకు తెలుసు. అయినా మనసులో ఒక మూల చిన్న ఆశ కదిలిందని ఒప్పుకోవాలి. ఆ కాగితం కిందనే చిన్న అక్షరాలతో మేడ్ ఇన్ జర్మనీ అని కూడా ఉంది. 1737లో మరణించిన స్ట్రాడివారి పేరు గల చీటీలను పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో జర్మనీ, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని బొహీమియా ప్రాంతాల కార్ఖానాలు తమ మామూలు వయొలిన్లలో వేల సంఖ్యలో అంటించాయి. ఏ నమూనాను అనుసరించి చేశారో చెప్పడమే దాని ఉద్దేశం. దిగుమతి వస్తువుల మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890 నాటి సుంకాల చట్టంతో నిబంధన పెట్టింది కాబట్టి, దేశం పేరు అచ్చయిన వయొలిన్ ఆ తరువాతిదే అనుకోవచ్చు. కాబట్టి చీటీ చదవండి, ఆనందించండి, ధర కట్టేటప్పుడు మరిచిపోండి.

నేను చీటీ చదివాను గానీ వెనుక పలక చూడలేదు. రెండు వారాల తరువాత వయొలిన్లు బాగుచేసే పెద్దాయన దగ్గరకు తీసుకెళితే, ఆయన ఒక చిన్న దీపాన్ని లోపలికి దించి, అద్దాన్ని వంచి పట్టుకుని, నన్ను రమ్మని చూపించారు. లోపల రెండు పలకల మధ్య నిలబడే సన్నని పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని సౌండ్ పోస్ట్ అంటారు. సరిగ్గా దాని పాదం కింద, వెనుక పలకలో వెంట్రుక మందాన పగులు ఉంది. ఎవరో వడ్రంగి జిగురు పోసి, పైన గోధుమరంగు పాలిష్ రుద్ది కప్పేశారు. తీగల ఒత్తిడి అంతా ఆ చోటనే పడుతుంది కాబట్టి పద్ధతి ప్రకారం బాగుచేయాలంటే వయొలిన్ విప్పి, లోపల అతుకు వేయాలి. ఆయన చెప్పిన ఖర్చు 400 డాలర్లు. ఆ వయొలిన్ ఇప్పుడు మా గదిలో గోడకు అలంకారంగా ఉంది.

అందుకే మొదట పగుళ్లు చూడండి. వెలుతురులో వయొలిన్‌ను ఏటవాలుగా తిప్పుతూ, పాలిష్ రంగు హఠాత్తుగా మారిన చోట ఆగండి. సౌండ్ పోస్ట్ నిలబడి ఉందో లేదో రంధ్రంలోంచి చూడండి. అది పడిపోయి లోపల దొర్లుతుంటే తీగలు బిగించి వాయించి చూడకండి, పై పలక కుంగిపోవచ్చు. పుల్లను మళ్లీ నిలబెట్టడం చిన్న ఖర్చే కాబట్టి, పగులు లేకపోతే దీన్ని బేరానికి వాడుకోవచ్చు. ఆ తరువాత వేలి కణుపుతో అంచుల వెంబడి నెమ్మదిగా తట్టుకుంటూ రండి. ఒకచోట గలగలమంటే అక్కడ అతుకు విడిపోయిందని అర్థం. కొత్తవారు దీనికి బెదిరిపోతారు గానీ, వాతావరణం మారినప్పుడు పలక పగలకుండా అతుకు విడిపోవాలనే వీటిని జంతువుల నుంచి తీసిన మెత్తని జిగురుతో అంటిస్తారు. అతుకు విడిపోవడం జలుబు లాంటిది. సౌండ్ పోస్ట్ కింద పగులు గుండెజబ్బు.

కర్ణాటక సంగీతానికి కొనేవారు బిరడాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. పాశ్చాత్య పద్ధతిలో తీగలకు స్థిరమైన శ్రుతి ఉంటుంది. మనం పాడేవారి శ్రుతిని బట్టి షడ్జమ పంచమాలకు మార్చుకుంటూ ఉంటాం కాబట్టి బిరడాలకు పని ఎక్కువ. ఒక్కో బిరడను తిప్పి వదలండి. వెనక్కు జారిపోతే పౌడరు లాంటి మందుతో సరిపోతుందేమో గానీ, రంధ్రమే అరిగి బిరడ తల మరీ లోపలికి దిగిపోయి ఉంటే కొత్త బిరడాలు చెక్కించాలి. వేళ్లు ఆనే పట్టీ నల్లచేవ కర్రతో చేసిందా, తెల్ల కర్రకు నల్లరంగు పూసిందా అన్నది దాని అంచు గీతల్లో తెలిసిపోతుంది. గమకాల కోసం వేలు జారుస్తూ ఉండే మన పద్ధతిలో పూత రంగు ఎంతోకాలం నిలవదు.

కమానును విడిగా ఒక వస్తువుగా లెక్కించండి. మూసిన పెట్టెలో ఏళ్ల తరబడి పడి ఉంటే చిన్న పురుగులు గుర్రపు వెంట్రుకలను కొరికేస్తాయి. మూత తీయగానే వెంట్రుకలు గుత్తులుగా తెగి పడి ఉంటే అదే కారణం. కొత్త వెంట్రుకలు వేయించడానికి 60 నుంచి 100 డాలర్ల దాకా అవుతుంది. ఒక కన్ను మూసి కమానును పొడవునా చూస్తే ఎడమకో కుడికో వంగినది తెలుస్తుంది. వంగినదానికి డబ్బు పెట్టకండి. పిల్లల సైజు విషయంలో గురువుగారిని అడగకుండా బయలుదేరకండి. సగం, ముప్పావు, పూర్తి సైజుల మధ్య తేడా గోడ మీద అంతగా తెలియదు.

గిటారు

గోడ మీద ఎక్కువగా కనిపించేవి గిటార్లే. చేతిలోకి తీసుకోగానే పాట వాయించాలనిపిస్తుంది. ఆగి, మొదట మెడను చూడండి. లావు తీగను ఒక చేత్తో మొదటి మెట్టు మీద, మరో చేత్తో మెడ పలకను కలిసే పద్నాలుగో మెట్టు మీద నొక్కి పట్టి, ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు గమనించండి. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మెడ ఆరోగ్యంగా ఉన్నట్టే. అసలు సందు లేకపోయినా, మరీ ఎక్కువ ఉన్నా లోపలి ఇనుప కడ్డీని బిగించి లేదా వదులు చేసి సరిచేయవచ్చు. ఆ కడ్డీ తిరుగుతుందో లేదో మాత్రం ముందు తెలియాలి.

తరువాత పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు చూడండి. కరెంటు అవసరం లేకుండా పలికే అకూస్టిక్ గిటారులో లావు తీగ మెట్టుకు సుమారు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే వేళ్లకు హాయి. అంతకంటే బాగా ఎత్తుగా ఉండి, పై పలకకు అంటించిన బ్రిడ్జి అనే చెక్క మీద తీగలు ఆనే తెల్ల పట్టీ అప్పటికే అరగదీసినట్టు కిందికి ఉంటే, ఆ గిటారుకు మెడను విప్పి కోణం సరిచేసి మళ్లీ అమర్చే పని పడుతుంది. అది వందల డాలర్ల వ్యవహారం. చాలా ఖరీదైన గిటారు కాకపోతే దుకాణంలోనే వదిలేయడం మేలు. బ్రిడ్జి వెనుక అంచు కింద కాగితం దూరిందంటే బ్రిడ్జి లేస్తోందని అర్థం. మెడ పైభాగంలో, బిరడాలు మొదలయ్యే మలుపు దగ్గర వెనుకవైపు వేలు జరిపి చూడండి. కింద పడిన గిటార్లు అక్కడే విరుగుతాయి, అతికించిన గీత కంటికి దొరక్కపోయినా గోరుకు దొరుకుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్లలో నకిలీల బెడద ఉంది. గిబ్సన్ పేరుతో ఉన్నదాని తల భాగంలో ఇనుప కడ్డీని కప్పే చిన్న మూతకు సాధారణంగా రెండు మరలు ఉంటాయి. మూడు ఉంటే అనుమానించండి. ఫెండర్, స్క్వయర్ ఒకే సంస్థవే అయినా ధరల్లో చాలా తేడా ఉంటుంది కాబట్టి, ఆకారం చూసి కాక తల మీద పేరూ క్రమసంఖ్యా చూసి ధర వెతకండి. మీటలు తిప్పినప్పుడు చిటపటలాడితే అది మురికి, కొన్ని డాలర్ల పని. తీగల కంపనాన్ని అందుకునే పికప్‌లలో ఒకటి అసలు పలకకపోతే అది వేరే లెక్క.

మిగతావి

కీబోర్డు విషయంలో చెప్పడానికి తక్కువే ఉంది. మన ఇళ్లలో ఏ కీబోర్డునైనా కాసియో అనే అంటారు కాబట్టి, ముందు దాని మీద ఉన్న పేరూ మోడల్ సంఖ్యా సరిగా రాసుకోండి. దాని అడాప్టరు దానితోనే ఉందో లేదో చూసి, ప్రతి మెట్టునూ ఒకే బలంతో ఒక చివర నుంచి మరో చివరకు నొక్కుకుంటూ వెళ్లండి. ఒకటి పలకకపోయినా, ఒకటి మాత్రం అరిచినట్టు పలికినా వదిలేయండి. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ సౌకర్యం ఉంటే పాట నేర్చుకునేవారికి పనికొస్తుంది.

క్లారినెట్, సాక్సోఫోన్, ఫ్లూటు వంటివాటిలో ప్రాణమంతా రంధ్రాలను మూసే మెత్తలలో ఉంటుంది. అవి ఎండి చిరిగితే గాలి కారుతుంది. అన్నీ మార్పించడానికి విద్యార్థి వాద్యం ధరంత ఖర్చు కావచ్చు. వాయించడం వచ్చినవారిని వెంట తీసుకుపోవడమే దీనికి మంచి ఉపాయం. ట్రంపెట్‌లో మూడు పిస్టన్లూ చప్పుడు లేకుండా పైకి లేవాలి, గొట్టాలు చేత్తో లాగితే రావాలి. ఇరుక్కుపోయిన మౌత్‌పీసును కటింగ్ ప్లేయరుతో తిప్పకండి. మరమ్మతు దుకాణంలో దానికి ప్రత్యేకమైన సాధనం ఉంటుంది.

పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ కచేరీలు విన్నవారు గోడ మీద మాండొలిన్ కనిపిస్తే ఆగుతారు. ఆయన వాయించినది ఒక్కో తీగ విడిగా ఉన్న ఎలక్ట్రిక్ మాండొలిన్. ఇక్కడ దుకాణాల్లో దొరికేది సాధారణంగా జంట తీగల అకూస్టిక్ వాద్యం. తీగలు రెండేసి కలిసి ఉంటే గమకం లాగడం కష్టం, ఎలక్ట్రిక్ కాదు కాబట్టి నాదం కూడా త్వరగా ఆరిపోతుంది. ఇక తబలా, హార్మోనియం, సితార్ ఎప్పుడో ఒకసారి కనిపిస్తాయి. వాటి ధర దుకాణదారుడికి తెలియదు, అందువల్ల మరీ ఎక్కువో మరీ తక్కువో చెబుతాడు.

బేరం

మరమ్మతు చిట్టా చేతిలో ఉంటే బేరానికి గొంతు పెంచనక్కరలేదు. "కమానుకు వెంట్రుకలు లేవు, దానికి 70 డాలర్లు అవుతుంది, అతుకు ఒకచోట విడిపోయింది, ఈ మోడల్ గత నెలలో ఇంతకు అమ్ముడైంది" అని వరసగా చెప్పి, మీ అంకె ఒక్కటే చెప్పి ఆగండి. ఇది పనిచేయడానికి కారణం ఉంది. నెలల తరబడి గోడకు వేలాడుతున్న వాద్యం దుకాణదారుడికి స్తంభించిపోయిన సొమ్ము. ఆ వాద్యం ఎన్నాళ్ల నుంచి ఉందని అడగడంలో తప్పు లేదు. ఆగస్టులో బడులు తెరిచే వేళ క్లారినెట్లకూ వయొలిన్లకూ గిరాకీ ఉంటుంది కాబట్టి, వేసవి సెలవుల మొదట్లోనే వెళ్లడం మంచిది. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే, కొంత బయానా ఇచ్చి నెలనెలా కట్టి తీసుకునే పద్ధతి చాలా దుకాణాల్లో ఉంది. మధ్యలో మానేస్తే బయానా తిరిగి వస్తుందో లేదో ముందే అడగండి.

అమ్మడం, తాకట్టు పెట్టడం, మార్చుకోవడం

మీ వాద్యాన్ని అక్కడికి తీసుకువెళితే ఇదే లెక్క తిరగబడుతుంది. తాను అమ్మగలిగే ధరలో సగానికి మించి దుకాణదారుడు సాధారణంగా ఇవ్వడు. అద్దె, జీతాలు, అమ్ముడుపోకపోతే వచ్చే నష్టం అన్నీ మిగిలిన సగంలోంచే తీయాలి. కాబట్టి ఆ రోజే డబ్బు అవసరం లేనివారు తెలిసినవారికో, ఆన్‌లైన్‌లోనో అమ్ముకోవడం లాభం. మృదంగమో వీణో అయితే మన సంగీత గురువుల దగ్గరా, గుడిలోని సంగీత బృందాల్లోనూ దానికి విలువ తెలిసినవారు దొరుకుతారు. తాకట్టు దుకాణానికే వెళ్లేటట్టయితే వాద్యాన్ని తుడిచి, తెగిన తీగలు మార్చి, శ్రుతి చేసి, దాని పెట్టె, కేబుల్, పాత రసీదు అన్నీ కలిపి తీసుకువెళ్లండి. రెండు మూడు దుకాణాల్లో అడిగితే అంకెలు ఎంత మారతాయో చూసి ఆశ్చర్యపోతారు.

తాకట్టు పెట్టాలా, అమ్మేయాలా అన్నది వడ్డీ లెక్క చూసి నిర్ణయించండి. మేముండే టెక్సాస్‌లో చిన్న మొత్తాల తాకట్టు మీద నెలకు 20 శాతం వరకు వసూలు చేయడానికి చట్టం అనుమతిస్తుంది. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది. ఇది నూటికి ఇరవై. నూరు డాలర్ల అప్పును నెలనెలా పొడిగించుకుంటూ పోతే అయిదు నెలల్లో వడ్డీ కింద నూరు డాలర్లు కడతారు, అసలు మాత్రం అలాగే ఉంటుంది. నెలలోపే విడిపించుకోగలమన్న నమ్మకం ఉంటేనే తాకట్టు. తాతగారి వయొలిన్ లాంటిది అసలు పెట్టకండి. చీటీ మీది గడువు తేదీకి వారం ముందు ఫోనులో అలారం పెట్టుకోండి, చీటీని ఫొటో తీసుకోండి.

మార్పిడిలో దుకాణదారుడు నగదు కంటే కొంచెం ఎక్కువ విలువ కడతాడు, ఎందుకంటే డబ్బు ఆయన గల్లాపెట్టెలోంచి బయటకు పోదు. పిల్లవాడు ముప్పావు సైజు దాటి పూర్తి సైజుకు వచ్చినప్పుడు ఇది అక్కరకు వస్తుంది. అయితే రెండు బేరాలనూ ఒకేసారి కలపనివ్వకండి. ముందు కొత్తగా తీసుకోబోయేదాని ధర తేల్చుకుని, అది స్థిరపడిన తరువాతే మీ పాతదాన్ని పెట్టె తెరిచి చూపండి. లేకపోతే పాతదానికి ఉదారంగా కట్టిన విలువను కొత్తదాని ధరలో కలిపేస్తారు. రెండు అంకెలూ రసీదు మీద వేరువేరుగా రాయించుకుని, రెండు వాద్యాల క్రమసంఖ్యలూ సరిచూసుకున్న తరువాతే మీ పెట్టెను బల్ల అవతలికి అందించండి.